ఐదు ముళ్ల మొలతాడు

విజయనగరం పక్కన దాలయ్యగారి గరిడీలో కర్రసాము నేర్చినవాళ్లందరిలో గౌరునాయుడు మొదటివాడు. సిగరెట్లు కాల్చడంలోనూ అతనే మొదటివాడు. నలభై రెండేళ్లొచ్చినా, ఒకటి వెలిగించందే కర్ర ముట్టడు.

దాలయ్యగారికి మోకాళ్లు పట్టేశాయి. గరిడీ ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఆ ఒక్కడూ తనే కావాలని నాయుడు ఏళ్లుగా కళ్లలో ఒత్తులేసుకుని చూస్తున్నాడు. గురువుగారు ఒక్కటే మాటన్నారు.

"సిగరెట్టు మాను, గరిడీ తీసుకో."

నాయుడు చేతులు కట్టుకున్నాడు.

"మానేస్తే ఒళ్లొచ్చేస్తుంది గురువుగారూ! మా బావ మానేసి మూడు నెలల్లో బస్తాలా తయారయ్యాడు. నన్ను చూడండి. పదేళ్లుగా కాటా ఎక్కితే అరవై ఆరు కేజీలే. అంతా సిగరెట్టు పుణ్యం."

"మరి ఆ పొట్టేంట్రా?"

"అబ్బే, పొట్ట కాదండీ. గ్యాసు."

చుట్టూ ఉన్న నలుగురూ కిసుక్కున నవ్వారు. పాపం, చేతులూ కాళ్లూ చూస్తే పుల్లలే. గోచీ మీదకి మాత్రం పొట్ట జారి ఉంది. గురువుగారు నవ్వలేదు.

"నీ మొలతాడు విప్పు."

నాయుడు తెల్లబోయాడు. మొల వట్టిగా ఉండకూడదు కదా, అందుకని గురువుగారే ముందు కొత్త నల్లదారం ఒకటి కట్టించారు. తర్వాత పాతది తీయించి, నేలమీద సాగదీసి పరిచారు. దానికి ఐదు ముళ్లు.

"ఇవేంటి?"

"బిగిసినప్పుడల్లా చిన్న ముక్క కలిపి ముడేశానండీ. మా అమ్మ కట్టిన తాడు. ఆవిడ పోయాక తెంపబుద్ధి కాలేదు."

"ఎన్నాళ్లుగా కలుపుతున్నావ్?"

"ఓ పదేళ్లుగా..."

అంటూనే నాయుడు ఆగిపోయాడు. కూర్చుని, అమ్మ కట్టిన దారం ఎక్కడ ఆగిందో చూశాడు. అక్కణ్ణుంచి తను కలిపినదాన్ని చేత్తో కొలిచాడు. జానెడుకి కాస్త తక్కువ. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

తాడు చుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"అయినా గురువుగారూ... మానేశాక నిజంగానే ఒళ్లొస్తేనో?"

"ఒళ్లొస్తే రానీరా. కర్ర తిప్పడానికి ఒళ్లే కావాలి. సిగరెట్టు కండ తినేసి నీకు మిగిల్చింది పొట్టొక్కటే."