తాడులో తప్పిపోయిన మూర

యాకూబ్ పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. ఇక జన్మలో అంకె మొహం చూడనని ఒట్టు పెట్టుకుని, కొండ మీదున్న జలీల్ బాబా దగ్గరికి వచ్చేశాడు. అక్కడ గాలి, పావురాలు, బాబా మౌనం తప్ప ఇంకేమీ ఉండవనుకున్నాడు పాపం.

నాలుగో నెలలో బాబా అతని చేతిలో తాడు పెట్టాడు. దారిన పోయేవాళ్లు తలదాచుకోడానికి ఒక గది కడదాం, మూలలు నువ్వే పెట్టమన్నాడు. మూరకో ముడి వేసి, మూడు మూరలు ఒకవైపు, నాలుగు ఇంకోవైపు, ఐదు ఏటవాలుగా లాగితే మూల దానంతటదే నిక్కచ్చిగా నిలబడుతుందట.

మూడూ నాలుగూ ఐదూ పన్నెండు. యాకూబ్ పన్నెండు ముడులు వేశాడు. మూడు గూటాలు పాతి తాడు చుట్టాడు. పన్నెండో ముడి మొదటి గూటానికి మూరెడు దూరంలోనే ఆగిపోయింది. గూటం జరిపి ఎలాగో అందించాడు. మూల వంకర పోయింది. మంచుకు తాడు ముడుచుకుందేమో అనుకున్నాడు. మేక కొరికిందేమో చూశాడు. పుల్లతో నేల మీద కూడిక మళ్లీ వేశాడు. పన్నెండే.

పునాది తవ్వడానికొచ్చిన నరసప్ప మేస్త్రి పార మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "పదో తరగతి మూడుసార్లు రాసినోడివి కదప్పా, ఒక్క మూల నిలబెట్టలేవా?"

యాకూబ్ లోపలికెళ్లి బట్టల మూట కట్టుకొచ్చాడు. వెళ్లేముందు తాడైనా చక్కగా చుట్టిపెడదామని, పన్నెండో ముడి దాటి ఊరికే వేలాడుతున్న తోక కోయడానికి కత్తి తీశాడు.

బాబా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ముడులెన్ని?"

"పన్నెండు బాబా."

"మధ్యలో ఖాళీలు?"

యాకూబ్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. అటు చివరినుంచి లెక్కపెట్టాడు. పదకొండే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక మూర ఎక్కడికి పోయింది బాబా?"

బాబా అతని చేతిలోని కత్తి తీసి పక్కన పెట్టాడు. కోయబోయిన తోకను మూరెడు కొలిచి, మొదటి ముడి మీదికే తెచ్చి కట్టాడు. గూటాలకు తగిలించి లాగాడు. మూల నిలబడింది. మేస్త్రి తన మూలమట్టం తెచ్చి ఆనించి చూసి, పార అందుకున్నాడు.

ముడులు పన్నెండు. ఖాళీలూ పన్నెండు. యాకూబ్ నమ్మలేక తాడు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"దీనికి చివర ఎక్కడుందో చూపించు నాయనా," అన్నాడు బాబా. "అటునుంచి వెళ్లిపోదువుగాని."

యాకూబ్ చాలాసేపు వెతికాడు. తర్వాత తాడు ముడి విప్పకుండానే భుజాన వేసుకుని రెండో మూల వైపు నడిచాడు. మూట ఎండలో అక్కడే ఉండిపోయింది.