గవరమ్మ ముళ్ళు, సోములు గోరువంకలు

గుగ్గిలం కొండ మీద ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ఒక్క చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళు. ఎండుటాకుల మీద గలగలమని ముళ్ళు కదిలే చప్పుడు. అది వినబడిందంటే ఏదుపంది గవరమ్మ మందువేళ్ళు తీసుకుని వస్తోందన్నమాట.

ఆమె వ్యాపారమంతా ఆమె వీపు మీదే ఉండేది. తవ్విన వేళ్ళను ముళ్ళకు గుచ్చుకుని ఇల్లిల్లూ తిరిగేది. మెడ దగ్గరి ముల్లు ఎలుగుబంటి బంగారయ్యది. తొలకరి పడితే చాలు, అతని మోకాళ్ళు పట్టేస్తాయి, దానికి నల్లేరు కాడ. ఎడమ పక్కది దుప్పి నూకాలుది. బిడ్డతల్లి, పాలు చాలవు, దానికి పిల్లితేగ గడ్డ. తోక దగ్గరివి కుందేళ్ళవి, జ్వరానికి నేలవేము. మందు పుచ్చుకున్నవాళ్ళు పండో, దుంపో, తేనెపట్టు ముక్కో ఆమె బొరియ ముందు పెట్టి పోయేవారు. వానాకాలమంతా ఆమె కడుపు నింపేది అదే. ఏ ముల్లు ఎవరిదో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ వేసవిలో ఒకరోజు గవరమ్మ నూకాలు పొద దగ్గర ఆగి, ముల్లు నుంచి కాడ తీసి ఇచ్చింది. నూకాలు వాసన చూసి వెనక్కి జరిగింది.

"మామ్మా, ఇది నల్లేరు కదా. పచ్చిది నమిలితే నోరంతా దురద. ఇది నా పిల్ల నోట పడి ఉంటే?"

గవరమ్మ వీపు మీద ముళ్ళన్నీ నిక్కపొడుచుకున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. ఇంటికొచ్చి, బొరియలో కూచుని, తను తిరిగే ఇళ్ళన్నీ వరసగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. వాగు దాటాక బంగారయ్య. ఆ పైన నూకాలు. ఆ పైన... ఆ పైన ఎవరు? చెప్పుకున్న ప్రతిసారీ అక్కడే ఆగిపోయింది. మధ్యాహ్నానికి గాని అది ముసలి ఉడుము ఇల్లని తట్టలేదు.

సాయంత్రం నక్క సోములు వచ్చాడు. అక్క వరస కలిపి ఆమెను అప్పా అని పిలిచేవాడు.

"ఏమప్పా, పొద్దున్నుంచీ నీలో నువ్వే గొణుక్కుంటున్నావట?"

"నీకెవరు చెప్పారు?"

"నూకాలు కుందేలుతో అంది, కుందేలు పావురంతో అంది. నా దాకా రావడానికి ఎంతసేపు? దిగులు పడకు. నా దగ్గర రెండు గోరువంకలున్నాయి. విన్నది విన్నట్టు అప్పజెప్తాయి. నువ్వు ఒకసారి చెప్పావంటే మళ్ళీ నువ్వు గుర్తుపెట్టుకునే పని లేదు."

"పక్షులతో నాకేం పని సోములూ? నా బతుకంతా ఈ గోళ్ళలో ఉంది."

"నేననేదీ అదే కదా. తవ్వేది నువ్వు, మోసేది నువ్వు, రోగం కనిపెట్టేది నువ్వు. అవి పక్కన కూచుని గుర్తు చేస్తాయి, అంతే. తేలిక పని. విరిగిపోయిన వేళ్ళ తోకలు పారేస్తావే, అవి మాకు పడేస్తే చాలు. నా కషాయానికి సరిపోతాయి."

గవరమ్మకు అందులో నష్టమేమీ కనిపించలేదు. పారేసేవే కదా. మూడు రోజులు కూచుని గోరువంకలకు అంతా చెప్పింది. ఎవరికి ఏ నొప్పి, అది ఏ కార్తెలో ముదురుతుంది, ఏ వేరు ఎంత ఇవ్వాలి. ఆ వేళ్ళు ఎక్కడ దొరుకుతాయో, రెండు రాళ్ళ సందు దాటాక కుడికి తిరగాలో ఎడమకో, అదీ చెప్పింది. చెప్పినకొద్దీ తల మీద మూట దించుకున్నట్టు హాయిగా ఉంది. గోరువంకలు తిరిగి అప్పజెప్పినప్పుడు మాత్రం ఉలిక్కిపడింది. గొంతు తనదే. మధ్యలో వచ్చే పొడి దగ్గు కూడా తనదే.

"భలే నేర్చాయే," అంది నవ్వుతూ.

తరవాత రోజులు బాగానే గడిచాయి. ఒక గోరువంక ముందు ఎగిరిపోయి "రేపు గవరమ్మ వస్తోంది" అని చెప్పేది, వాళ్ళు గుమ్మంలోనే ఎదురుచూసేవారు. అప్పకు మతిమరుపు, పక్షికే చెప్పండని సోములు కొండంతా చెప్పి తిరిగాడు; కొన్నాళ్ళకు నొప్పి వస్తే గవరమ్మకు కబురు చేయడం మానేసి గోరువంకకే చెప్పుకోసాగారు. తనకు కాళ్ళ తిప్పలు తగ్గాయని ఆమె సంతోషించింది. ఊరికే పలకరించడానికి వెళ్ళడం కూడా మానుకుంది. ఇళ్ళ వరస చెప్పుకోవడమూ మానుకుంది. అడిగితే చెప్పడానికి పక్షులున్నాయి కదా.

తొలకరి ఉరిమిన రోజు నల్లేరు కాడలు గుచ్చుకుని బంగారయ్య గుహకు వెళ్ళింది. అతను హాయిగా కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"మళ్ళీ ఎందుకొచ్చావు పిన్నీ? నిన్ననే ఇచ్చి వెళ్ళావుగా?"

"నేనా?"

"నువ్వు కాక ఎవరు? నా కళ్ళు సరిగా ఆనవని నీకు తెలుసు. గొంతు విన్నాను. దగ్గు కూడా విన్నాను. తెచ్చి పెట్టినవేమో పందికొక్కులట, నీ మనుషులే అనుకున్నాను."

"బంగారయ్యా, నేను రాలేదు. నేనెవరినీ పంపలేదు."

ఎలుగుబంటి కాసేపు మోకాలు రాసుకున్నాడు. "ఎవరైతేనేం పిన్నీ. వేరు అదే వేరు. ఒకరోజు ముందే గుమ్మంలోకి వచ్చింది. తేనెపట్టు వాళ్ళకిచ్చేశాను."

గవరమ్మ నూకాలు పొదకు పరుగెత్తింది. అక్కడా పందికొక్కులు వేరు ఇచ్చి, పండ్లు పట్టుకుపోయాయి. ఉడుము ఇంట్లో, కుందేళ్ళ కలుగుల్లో, అంతటా అంతే. ఎవరి ముఖంలోనూ కోపం లేదు, కసి లేదు. అదే ఆమెను మరీ నిలువునా నీరు చేసింది. తను రాలేదన్న సంగతే వాళ్ళెవరికీ పట్టలేదు.

సోములు తను ఉండే బండ కింద పందికొక్కులను వరసగా నిలబెట్టి పనులు పురమాయిస్తున్నాడు. భుజం మీద గోరువంక "రెండు రాళ్ళ సందు దాటాక" అని గవరమ్మ గొంతుతో చెబుతోంది.

"ఇదేం పని సోములూ?"

"నేనేం పట్టుకుపోయానప్పా నీ దగ్గర? నీ ముళ్ళు నీకున్నాయి. నీ గోళ్ళు నీకున్నాయి. వెళ్ళి తవ్వుకో."

తవ్వుకుంటానని విసురుగా వెళ్ళింది. రెండు రాళ్ళ సందు దాటింది. దాటాక కుడికా, ఎడమకా? చినుకులు మొదలయ్యాయి. కుడికి నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఎడమకు వెళ్ళి వెనక్కి వచ్చింది. తన కాళ్ళతో కొన్ని వందల సార్లు తొక్కిన దారి. అలవాటుగా తలెత్తి చెట్టు మీద గోరువంకను అడిగింది. అది మెడ తిప్పి, ఆమె వెనకే వచ్చిన సోములు వైపు చూసింది.

సోములు మెల్లగా అన్నాడు: "ఎడమకప్పా. పందికొక్కులు వేళ్ళు కొరికి పాడు చేస్తున్నాయి. నీ చెయ్యి శుభ్రం. ఎక్కడో నేను చెబుతాను, నువ్వు తవ్విపెట్టు. విరిగిన తోకలు నువ్వే తీసుకో."

ఇక గవరమ్మకు కూలి తను పారేసిన తోకలే. గుమ్మంలో ఒక్క పండు లేదు, నాలుగు నెలల వాన ముందుంది. తల వంచుకుని ఎడమకు తిరిగింది.

వారం పాటు ఎడతెరిపి లేని ముసురు. గోరువంకలు రెక్కలు తడిసి బండ కిందే ఉండిపోయాయి. గవరమ్మ ఒంటరిగా తవ్వుతుంటే బంగారయ్య తడుముకుంటూ వచ్చాడు. గొంతు పూడుకుపోయి మాట సరిగా రావడం లేదు.

"మింగుడు పడటం లేదు పిన్నీ. పక్షిని అడిగితే నా మోకాళ్ళ సంగతే చెబుతోంది."

ఆమె అతని నోరు తెరిపించి చూసింది, ఊపిరి వాసన చూసింది. ఇలాంటిది ఇంతకు ముందు ఎరగదు. వానకు కొట్టుకొచ్చిన ఒండ్రులో నాలుగు రకాల దుంపలు పీకి, ముందు తను కొరికి చూసి, ఒకటి అతనికి నమలమని ఇచ్చింది. మర్నాటికి అతనికి మాట వచ్చింది. ముసురుకు కుందేలు పిల్లలకూ అదే పట్టుకుందని అతనే వచ్చి చెప్పాడు.

వాన తెరిపి ఇవ్వగానే సోములు రెండు గోరువంకలతో దిగాడు.

"అప్పా, కొండంతా గొంతు రోగమట. బంగారయ్యకు ఏమిచ్చావో పక్షికి ఒక్కసారి చెప్పు. మళ్ళీ మరిచిపోతావు."

గవరమ్మ గోళ్ళకంటిన మట్టి దులుపుకుంది. దగ్గింది.

"మరిచిపోయాను సోములూ."

"నిన్నటి సంగతే కదప్పా."

"నిన్నటివే పోతున్నాయి నాయనా. నీకు తెలియనిదా?"

ఆమెకు మతిమరుపని కొండకంతా చాటింది సోములే. ఆ మాట కాదనే వీల్లేక పక్షులను పిలుచుకుని బండకు వెళ్ళిపోయాడు.

మర్నాడు రోగులందరూ బండ ముందు చేరారు. నూకాలు తన పిల్లను ముందుకు తోసి, "గొంతుకు ఏం వెయ్యాలో చెప్పు," అని గోరువంకను అడిగింది. గోరువంక మెడ సాచి, తను కొత్తగా విన్నది విన్నట్టు అప్పజెప్పింది. ముందు పొడి దగ్గు. తరవాత గవరమ్మ గొంతు.

"మరిచిపోయాను సోములూ."

అందరూ తలలు తిప్పి సోములును చూశారు. రెండో గోరువంకను అడిగారు. అదీ దగ్గి, అదే మాట అంది. సోములు రాయి విసిరితే కొమ్మ ఎక్కి మళ్ళీ అంది. తనను ఇన్నాళ్ళు వణికించిన ఆ ఒక్క మాట తన గొంతుతోనే కొండంతా మోగుతుంటే గవరమ్మ తన బొరియలో కూచుని వింది. కాసేపటికి గుమ్మంలో గిట్టల చప్పుడైంది.

"మామ్మా, ఉన్నావా?"

గవరమ్మ లేచి, ఎడమ పక్క ముల్లుకు దుంప గుచ్చుకుంది. అది ఎవరిదో నోటితో అనకుండా, మనసులోనే రెండుసార్లు అనుకుని బయటికి వచ్చింది.

సాయానికని పెట్టుకున్నదే ఒకనాటికి అసలు వ్యాపారమై కూచుంటుంది; దాన్ని ఎవరి చేతికిస్తున్నామో మొదటి రోజే చూసుకోవాలి.