ఎక్కేటప్పుడే కూసే బండి

జక్రయ్యకి తన చెవి మీద గర్వం.

ఉండదా మరి! స్క్రూడ్రైవరు మొన బండికి తగిలించి, పిడి చెవికి ఆనించుకున్నాడంటే, లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ గేరు పన్ను విరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. ఆ విద్య నేర్పింది కాలేషా ఉస్తాదు. రాళ్ళ క్వారీలకి పోయే దారిలో ఆయనది పెద్ద రేకుల షెడ్డు. చుట్టుపక్కల లారీలకి ఏ జబ్బు చేసినా అక్కడికే వచ్చేవి.

"తొందరపడి చెప్పకు జక్రీ" అనేవాడు ఉస్తాదు, వీలైనప్పుడల్లా.

ఆ మాట వింటే జక్రయ్యకి లోపల చిరాకు. నా గడ్డమూ నెరుస్తోంది, ఇంకా ఎన్నాళ్ళు ఈయన వెనక నిలబడాలి అనుకునేవాడు.

ఒక శుక్రవారం ఉస్తాదు జుమ్మా నమాజుకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఒక క్వారీ ఓనరు తన టిప్పరు తెచ్చి షెడ్డు ముందు ఆపించాడు. కొత్తరకం బండి అది. క్లచ్చు తొక్కే పని లేదు, గేర్లు వాటంతటవే మారిపోతాయి. బరువెంతుందో, దారి ఎలా ఉందో ఇనుము తనకు తానే తెలుసుకుంటుందట. వింటుంటే ఎంత చిత్రంగా ఉంటుందో! దాన్ని నడిపేవాడు మాలకొండయ్య. చేతిలో స్టీరింగుతోనే జుట్టు తెల్లబడిన మనిషి.

"ఈ పెద్దమనిషి బండి కూస్తోందంటాడు" అన్నాడు ఓనరు. "ర్యాంపు మధ్యలో ఆపేసి దిగి చూస్తాడు. వెనక బండ్లన్నీ నిలబడిపోతాయి. గేర్‌బాక్సులో ఏవన్నా ఉందా, ఈయనకే ఒళ్ళు వంగడంలేదా, తేల్చి చెప్పు. బండిలో ఏమీ లేదంటే ఇవాళే దింపేస్తా."

ర్యాంపంటే, రాయి తవ్విన గుంటలోంచి పైకెక్కే మట్టిదారి. ఒక పక్క కొండ. ఇంకో పక్కకి చూస్తే కళ్ళు తిరుగుతాయి.

"లోడుతో ఎక్కేటప్పుడే కూస్తది జక్రన్నా" అన్నాడు మాలకొండయ్య. "సన్నగా మొదలవుతది. గేరు మారబోయే ముందు ఏడుపులాగా సాగుతది. ఖాళీగా ఉంటే బతిమాలినా పలకదు. కాస్త ఉస్తాదు వచ్చిందాకా ఆగుదాం."

ఆ చివరి మాట జక్రయ్యకి ముల్లులా గుచ్చుకుంది.

"ఉస్తాదు చెవులకి బంగారు తాపడం ఏమన్నా చేశారా మావా?" అంటూ బండి కిందికి దూరాడు.

ఇంజను స్టార్టు చేయించాడు. స్క్రూడ్రైవరు మొన గేర్‌బాక్సు మీద చోటు మార్చి మార్చి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడా తేడా లేదు. మెత్తగా, ఒకే తీరున తిరుగుతోంది.

బయటికొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"బండి నిక్షేపంలా ఉంది. గేర్లు మార్చే పని తప్పింది కదా, మా మావకి తీరిక ఎక్కువై పాటలు వినపడుతున్నాయి."

అక్కడున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఓనరు మాత్రం నవ్వలేదు, చెయ్యి చాచాడు. మాలకొండయ్య తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. బండెక్కి తన తువ్వాలు, నీళ్ళసీసా తీసుకున్నాడు. దిగేముందు సీటు మీద దుమ్ము అలవాటుగా తుడిచాడు. తర్వాత ఎండలో రోడ్డు పట్టుకుని నడుచుకుంటూ పోయాడు.

ఉస్తాదు వచ్చేసరికి ఓనరు కూడా బండితో వెళ్ళిపోయాడు. జరిగిందంతా జక్రయ్యే చెప్పాడు, కాస్త గొప్పగానే చెప్పాడు.

ఉస్తాదు చివరిదాకా విన్నాడు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిటారుగా నిలబడు" అన్నాడు.

జక్రయ్య నిలబడ్డాడు. ఉస్తాదు స్క్రూడ్రైవరు తీసుకుని, మొన అతని మోకాలిచిప్ప మీద పెట్టి, పిడికి చెవి ఆనించాడు.

"నిక్షేపంలా ఉంది" అన్నాడు.

అందరూ నవ్వారు. జక్రయ్య కూడా నవ్వాడు.

షెడ్డు మూల ఒక పాత గేర్‌బాక్సు షాఫ్టు పడి ఉంది. ఉస్తాదు దాన్ని చూపించాడు. "అది భుజానేసుకో. గొయ్యిలోకి దిగి, మళ్ళీ పైకెక్కు."

లారీల కింద నిలబడి పనిచేసుకోడానికి తవ్విన గొయ్యి అది. నిటారు మెట్లు. జక్రయ్య షాఫ్టు మోసుకుంటూ దిగాడు. ఎక్కబోతుంటే మొదటి మెట్టు మీదే మోకాలు టక్కుమంది. ఆ తర్వాత ప్రతి మెట్టుకీ లోపల ఎముక గరగరలాడింది. ఊపిరి ఈలలా వచ్చింది. ఎవరికీ తెలియకుండా అతను దాచుకుంటున్న నొప్పి అది.

ఉస్తాదు గట్టున గొంతుక్కూర్చుని వింటున్నాడు.

"ఇప్పుడు పలికింది" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జక్రయ్య పైకొచ్చి కూడా బరువు దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

తెల్లవారి ఇద్దరూ క్వారీకి వెళ్ళారు. బండి నిండా రాయి వేయించి, కొత్త డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ర్యాంపు మొదట్లో ఏమీ లేదు. సగానికి వచ్చాక సన్నగా మొదలైంది. గేరు మారబోయే ముందు ఏడుపులా సాగింది. మాలకొండయ్య ఎలా చెప్పాడో, అచ్చం అలాగే.

గేర్‌బాక్సు విప్పితే నూనెలో ఇనుప రజను తళతళలాడింది. ఒక బేరింగు గుండ్లు సగానికి అరిగిపోయాయి. ఇంకొన్నాళ్ళు అలాగే తోలితే ర్యాంపు మీదే పట్టేసేది. అప్పుడు పక్కనున్న గుంటే దిక్కు.

ఉస్తాదు ఆ బేరింగు తీసుకెళ్ళి ఓనరు బల్ల మీద పెట్టాడు. "తప్పు మా షెడ్డుది. ఆ మనిషి చెప్పింది నిజం. పిలిపించండి."

"బండి సంగతి మీరు చూడండి సాయిబూ, మనుషుల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు ఓనరు. "కొత్తవాడు వచ్చాడు కదా. వాడైతే మధ్యలో ఆపడు."

చూడండి, బండిలో శబ్దం ఉందన్న మాట ఆ గది గడప దాటలేదు. జక్రయ్య చేసిన ఎగతాళి మాత్రం క్వారీలన్నీ తిరిగింది. మాలకొండయ్య ఎక్కడికి పనికి వెళ్ళినా, "పాటలు వినపడే డ్రైవరువి నువ్వే కదా" అని నవ్వి పంపేశారు. జక్రయ్య ఒక్కో క్వారీకీ తిరిగి, తప్పు నాదేనని చెప్పుకున్నాడు. వాళ్ళు దానికీ నవ్వారు.

ఆఖరికి మాలకొండయ్య పాలిషింగు ఫ్యాక్టరీ వెనక కనిపించాడు. పగిలిన రాతిముక్కలు ట్రాక్టరులోకి ఎత్తి వేస్తున్నాడు. గోళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

"మావా, శబ్దం ఉంది" అన్నాడు జక్రయ్య.

మాలకొండయ్య చేతిలో రాయి అలాగే పట్టుకుని ఆగాడు. "ఎక్కేటప్పుడే కదా?"

"ఎక్కేటప్పుడే."

"గేరు మారబోయే ముందు?"

"ఆఁ. ముందే."

మాలకొండయ్య తల ఊపాడు. రాయి ట్రాక్టరులో వేసి, ఇంకోదాని కోసం వంగాడు. జక్రయ్యకి ఏం చెయ్యాలో తోచక తనూ ఒక రాయి పైకెత్తాడు. పెద్దాయన వచ్చి ఆ రాయి అతని చేతుల్లోంచి తీసుకుని, తనే మోసుకెళ్ళి వేశాడు. మళ్ళీ అతని వైపు చూడలేదు.

జక్రయ్య షెడ్డుకి తిరిగొచ్చాడు. ఉస్తాదు కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"కనిపించాడా?"

"కనిపించాడు ఉస్తాద్."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

ఉస్తాదు తుడుచుకోవడం ఆపాడు.

"అదన్నా విన్నావా?" అని అడిగాడు.