దండనాయకుడి చెప్పులు

మేఘవరంలో తెల్లవారితే మబ్బులు వీధుల్లోకి దిగేవి. ఏడాదికోసారి ఆ మబ్బుల మధ్యే రథాల పందెం జరిగేది. చూసేవాళ్ళకు గుర్రాలు గాల్లో తేలుతున్నట్టుండేది.

ఆ ఏడు పందేనికి రాజుగారు రథం కొనబోయారు. అమ్మకానికి రెండొచ్చాయి. ఒకటి రెండేళ్ళదే, కానీ దేశమంతా తిరిగి ఒళ్ళంతా గీతలు పడింది. రెండోది దండనాయకుడు బొల్లమరాజుది. ముప్పయ్యేళ్ళ నాటిదైనా పట్టుగుడ్డ కింద కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"వయసు చూడకండి ప్రభూ! ఇది కొట్టం దాటి ఒక్క ఆమడైనా తిరగలేదు," అన్నాడు బొల్లమరాజు. రాజుగారు ఆ మెరుపు చూస్తూ కలలో ఉన్నట్టు తలూపారు.

పందెంలో దాన్ని తోలాల్సిన ఓబన్న ముప్పయ్యేళ్ళ నాటి ఆ తోలు పట్టీల వైపు భయంగా చూశాడు. అతని భార్య చెంగమ్మ మాత్రం గబగబా ఇంటికెళ్ళి చెప్పుల జత తెచ్చింది. రథం అమ్మినవాడు నడిచి ఇంటికెళ్ళాలి గనక, తోలేవాడి ఇంటినుంచి చెప్పులివ్వడం అక్కడి ఆచారం.

"మా మామగారి పెళ్ళికి కొన్న చెప్పులు దొరా. ముప్పయ్యేళ్ళుగా అటక మీదే ఉన్నాయి, ఒక్కనాడూ తొడగలేదు," అంది.

బొల్లమరాజు మురిసిపోతూ తొడుక్కుని అడుగు వేశాడు. వార్లు పుటుక్కున తెగి బోర్లా పడ్డాడు.

"ముప్పయ్యేళ్ళ నాటి చెప్పులిస్తావా?" అని అరిచాడు.

"వయసు చూడొద్దని తమరేగా సెలవిచ్చారు దొరా!" అంది చెంగమ్మ.

రాజుగారికి మెలకువ వచ్చినట్టయింది. గీతలు పడ్డ రథాన్నే కొన్నారు. "చెప్పులు తెగాయిగా దండనాయకా, మీ రథమెక్కి ఇంటికెళ్ళండి," అన్నారు.

బొల్లమరాజు తన రథాన్ని చక్రం నుంచి కాడి దాకా ఓసారి తేరిపార చూశాడు. తర్వాత తెగిన చెప్పులు చేత పట్టుకుని, ఉత్త కాళ్ళతో మబ్బుల్లోకి నడిచిపోయాడు.