నొప్పినరం మూసిన పెరటి తలుపు

ఒకప్పుడు మన ఒంట్లోని నొప్పినరం ఒక్క కేక వేసి ఊరుకునేది. ముల్లు గుచ్చుకుంటే "అబ్బా!" అనేది, అంతే. ఆ తర్వాత గాయం మీద చెయ్యి వేసినా కిమ్మనేది కాదు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున నూకాలు అనే పిల్ల ఉండేది. దాని కాలి బొటనవేల్లో ఉన్న నరానికి ఉత్తపుణ్యానికే అనుమానాలు.

ఒకనాడు ఆ వేలికి చేపముల్లు దిగింది. నరానికీ ఇంటికున్నట్టే ఒక వీధి తలుపూ, ఒక పెరటి తలుపూ ఉంటాయి. బయట కాచుకుని ఉన్న సోడియాలనే ఉప్పురేణువులు వీధి తలుపు తోసుకుని బిలబిలా లోపలికొచ్చాయి. నరం గట్టిగా కేక పెట్టింది. అప్పుడే దాని కంటబడింది: లోపలుండే పొటాషియాలనే రేణువులు పెరటి తలుపులోంచి చడీచప్పుడు లేకుండా బయటికి జారుకుంటున్నాయి! అవి పోతున్నకొద్దీ కేక గొంతులోనే అణిగిపోతోంది.

"ఆగండి! ఎక్కడికి?"

"బయటికే తల్లీ," అంది ముసలి పొటాషియం. "మేం పోతేగాని నీ కేక ఆగదు. కాసేపాగి మళ్ళీ వచ్చేస్తాంగా."

"అయితే నా నోరు నొక్కేది మీరేనన్నమాట! ఎవరు పంపారు? ఆ ముల్లేనా?"

"ముల్లు మాకేమవుతుంది తల్లీ?"

'ఎంత అమాయకంగా అడుగుతోందో చూడు!' అనుకుంది నరం. పెరటి తలుపు మూసి గడియ పెట్టేసింది.

ఇక కేక ఆగలేదు. తల్లి పైడమ్మ ముల్లు లాగేసినా ఆగలేదు. పావడా అంచు తగిలినా కేకే, గాలి వీచినా కేకే. నూకాలు ఏడ్చి ఏడ్చి పొయ్యి పక్కన కూలబడింది.

పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి సరిగ్గా ఆ వేలి మీదే పడింది. నరం ప్రాణం పోయేలా అరిచింది. పైనున్న మెదడు విసుక్కుంది. "పొద్దుట్నుంచీ ఇదే గోల! దీనికి వేరే పని లేదు."

కాలు కదల్లేదు.

కమురు వాసనకి పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! కాలు కాలిపోతంటే తియ్యవేటే!" అంటూ పిల్లని ఇవతలికి లాగి నీళ్ళు పోసింది. అప్పటికే వేలు బొబ్బెక్కింది.

నరానికి అప్పుడు తెలిసొచ్చింది. నిజంగా ఆపద వస్తే తన మాట ఎవరూ వినలేదు! గబగబా గడియ తీసింది. పొటాషియాలు బయటికి నడిచాయి. కేక ఆగింది. నూకాలు కళ్ళు తుడుచుకుంది.

"ఇక తలుపు తీసే ఉంచుతావా?" అడిగింది ముసలి పొటాషియం.

"ఉంచుతాను. గాయమైనప్పుడు మాత్రం సగం మూస్తా," అంది నరం, దాన్ని ఓరగా చూస్తూ. "మీ మీద నాకింకా నమ్మకం కుదర్లేదు."

అప్పటినుంచే నరాలన్నీ అలా తలుపు సగం మూయడంతో కేక తొందరగా ఆగక, దెబ్బ తగిలిన చోట పుండు మానేదాకా ఈక తాకినా మనకు నొప్పి పుడుతుంది.