శిఖరానికి ఇవతల

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం పరదేశయ్య గారి ఒంటికి పడదు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యులు అడుగుతూనే ఉంటారు. గౌరీశు మాత్రం ఏడాదిపాటు కడుపులో దాచుకుని, ఓ వానాకాలం పొద్దున్న అడిగాడు.

"చావబోయేవాడి తృప్తి కోసం అబద్ధమాడితే తప్పాండీ?"

అతనాడిన అబద్ధం ఇది. గౌరీశూ, చిన్ననాటి స్నేహితుడు లోకనాథమూ రాష్ట్రంలోకెల్లా ఎత్తైన అర్మకొండ ఎక్కబోయారు. శిఖరం ఇక కాస్త దూరం ఉందనగా లోకనాథం గుండెనొప్పితో కూలబడ్డాడు. దారి చూపడానికి వచ్చిన మనిషి డోలీ కోసం కిందికి పరుగెత్తాడు. "నాకెలాగూ రాసిపెట్టి లేదురా. నువ్వైనా ఎక్కి చూసొచ్చి చెప్పు" అంటూనే లోకనాథం స్పృహ తప్పాడు. గౌరీశు కదల్లేదు. అతని చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. తెలివొచ్చాక లోకనాథం "ఎక్కేవా?" అని అడిగితే, లేదనడానికి గౌరీశుకి నోరు రాలేదు.

"ఎక్కేన్రా. సముద్రం దాకా కనబడింది."

లోకనాథం సన్నగా నవ్వి, "మంచిపని చేసేవు" అని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. డోలీ వచ్చేసరికి ప్రాణం పోయింది.

పరదేశయ్య గారు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. "పద, ఆ కొండకే ఎల్దాం" అన్నారు.

ముసురులోనే ఎక్కారు. లోకనాథం కూలబడిన చోటుకు వచ్చేసరికి గౌరీశు ఆగాడు. ముసలాయన సరిగ్గా అక్కడే ఓ రాతికి చేరగిలబడి, "ఇంక నావల్ల కాదు బాబూ. నువ్వెల్లి చూసిరా" అని కళ్ళు మూసుకున్నారు. ఊపిరి బరువుగా తీస్తున్నారు. శిఖరం మీంచి మంచు కమ్ముకొస్తోంది. గౌరీశు తన గొంగడి తీసి ఆయనకు కప్పి, పక్కనే కూర్చున్నాడు. ఈయన కూడా ఇక్కడే పోతారేమోనని అతనికి భయం వేసింది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు.

"ఎల్లొచ్చేవా?"

"లేదండి. మిమ్మల్నొదిలి ఎలా ఎల్తాను? ఇక్కడే కూకున్నాను."

ముసలాయన చెయ్యి చాచి గౌరీశు చేతిని పట్టుకున్నారు. ఆ ముఖంలో ఊరట చూడగానే గౌరీశుకి ఎందుకో దుఃఖం పొంగుకొచ్చింది. ఏదో పెద్ద పొరపాటు జరిగిపోయిందని మాత్రం తెలుస్తోంది.

"చల్లటి మాట చెప్పేవు నాయనా" అన్నారు పరదేశయ్య గారు మెల్లగా. "ఆ బాబు మాత్రం, తెలివి తప్పినప్పుడు నువ్వు పక్కన లేవనుకునే పోనాడు."