కుర్చీ మీద కండువా

మురహరికి జనం మీద కోపం. బందరులో పాత చంద్రికా టాకీసులో ఆదివారం పొద్దున్న ఆట నడిపేది అతనే మరి. ఎక్కడెక్కడివో సినిమాలు ఏరి తెప్పించేవాడు. పాటలుండవు, ఫైట్లుండవు, చూస్తే రెండ్రోజులు అన్నం సయించదు. జనం రావడం వచ్చేవాళ్ళే. వచ్చి సగంలో లేచిపోయేవాళ్ళు. "ఇదేం సినిమా అండీ బాబూ!" అని గొణుక్కుంటూ వాళ్ళు పోతుంటే మనవాడికి ఒళ్ళు మండిపోయేది.

ఆ ఆట వేసే ఫిలిం సొసైటీ పెట్టిందీ, మురహరికి సినిమా చూడటం నేర్పిందీ పరాంకుశం మాస్టారు. హాలుని గోడౌను చేస్తామన్నవాళ్ళని బతిమాలి బామాలి ఆ ఒక్క ఆట మిగుల్చుకున్న మనిషి. ఆయనకో అలవాటుంది. ఎవరైనా మధ్యలో లేచిపోతే, భుజం మీది కండువా తీసి ఆ కుర్చీలో వేసేవారు, బస్సులో సీటు ఆపినట్టు. ఇంకొకరు లేస్తే చేతిరుమాలు. ఇంకొకరు లేస్తే కళ్ళజోడు పెట్టె. ఒకసారి అవన్నీ అయిపోయి చెప్పు విప్పబోతుంటే మురహరే ఆపాడు.

"వాళ్ళు రారు మాస్టారూ!"

"రాకపోతే నా కండువా నేను తెచ్చుకుంటాను. మధ్యలో నీకేంట్రా నష్టం?"

ఆయనంటే ప్రాణమే గానీ, ఈ మెతకదనం మాత్రం మురహరికి మింగుడుపడేది కాదు. ఒక శనివారం బోర్డు రాయించుకుని వచ్చాడు. 'మధ్యలో లేచినవారికి మళ్ళీ ప్రవేశం లేదు.'

"సినిమా అంటే గౌరవం ఉండాలండీ. దీన్ని తలుపుకి కొట్టాల్సిందే. కాదంటారా, ఈ ఆట మీరే నడుపుకోండి. నేను మానేస్తాను."

మాస్టారు పెద్దవారైపోయారు. ఇతను మానేస్తే ఆట ఆగిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన బోర్డు అటూ ఇటూ తిప్పి చూశారు.

"అక్షరాలు ముచ్చటగా రాశాడు. కొట్టు," అన్నారు.

మర్నాటి సినిమాని మురహరి కూడా ముందు చూడలేదు, గొప్పదని విని తెప్పించాడు. మాస్టారి పక్కనే కూర్చున్నాడు. తెర మీద మంచాన పడ్డ తండ్రికి కొడుకు స్నానం చేయిస్తున్నాడు. అంతే. కెమెరా కదలదు. చెంబు ముంచుతాడు, పోస్తాడు. ముసలాయన వణుకుతుంటాడు. వేణ్ణీళ్ళు అయిపోయాయి. కొడుక్కి విసుగొచ్చి ఆయన నెత్తిన ఒక్కటిచ్చాడు. ముసలాయన కిక్కురుమనలేదు. మళ్ళీ చెంబు.

మురహరి దిగ్గున లేచాడు. "ఇదేం సినిమా! తీసినవాడికి సిగ్గుండక్కర్లా!" అని పైకే అనేసి, వరసలో వాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ బయటపడ్డాడు.

వరండాలో బుకింగు కిటికీ కింద కూలబడ్డాడు. నిరుడు పోయిన నాన్నకి ఆఖర్లో స్నానం చేయించింది తనే. కాలేజీలో పాఠం చెప్పడానికి టైమైపోతోందని ఒకరోజు చెయ్యి చేసుకున్నాడు. ఒక్కసారే. భార్యకి కూడా చెప్పలేదు ఆ సంగతి. ఆవేళ నాన్న ఏమీ అనలేదు. కాసేపాగి, "తువ్వాలు ఇవ్వరా," అన్నాడు.

లోపల్నుంచి నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. మురహరికి ఏడుపు తన్నుకొచ్చింది. తనివితీరా ఏడ్చాడు. ఏడ్చాక, తెర మీది ఆ తండ్రి ఏమయ్యాడోనని బెంగ పట్టుకుంది. అది తెలుసుకోకుండా ఇంటికి ఎలా పోవడం? లేచి తలుపు దాకా వెళ్ళాడు. ఎదురుగా తన బోర్డే. ఎర్రటి ముచ్చటైన అక్షరాలు.

ఏం చెయ్యాలో పాలుపోక కాసేపు అక్కడే నిలబడ్డాడు. చివరికి భయం భయంగా తలుపు నెట్టాడు. గడియ పెట్టి లేదు.

చీకట్లో తడుముకుంటూ తన వరస దాకా వచ్చాడు. తన కుర్చీలో ఏదో తెల్లగా కనిపించింది. మాస్టారు తెర మీంచి చూపు తిప్పకుండానే ఆ కండువా తీసి అతని చేతికిచ్చారు. మురహరి దాంతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమయింది మాస్టారూ?" అన్నాడు.

"ఇంకా స్నానం అవలేదురా. కూర్చో."